లాప్‌టాప్ టైమ్ తప్పుతోందా? సెల్ మార్చే ముందు తేడా ఎంతో చూడండి

టైమ్ తప్పు చూపిస్తోందని లాప్‌టాప్ తెచ్చేవాళ్లు చాలామంది జబ్బుతో పాటు మందు కూడా వాళ్లే చెప్పేస్తారు. “సీమాస్ బ్యాటరీ పోయింది సార్, కొత్తది వేసివ్వండి.” సీమాస్ బ్యాటరీ అంటే మదర్‌బోర్డుకు ఉండే గుండ్రటి చిన్న సెల్. నేను మొదట అడిగేది ఒకటే: ఎంత తేడా వస్తోంది? దీనికి జవాబు దాదాపు ఎవరి దగ్గరా ఉండదు. టైమ్ చేత్తో సరిచేసేసి తెస్తారు కాబట్టి చూద్దామన్నా కనపడదు. ఈసారి తప్పు చూపిస్తే ముట్టుకోకుండా ముందు ఒక ఫొటో తీసి పెట్టుకోండి. సగం రిపేరు అందులోనే ఉంటుంది.

అపోహ: టైమ్ తప్పిందంటే సెల్ అయిపోయినట్టే

మదర్‌బోర్డు మీద ఆర్‌టీసీ అనే చిన్న గడియారం ఉంటుంది. లాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నా అది నడుస్తూనే ఉంటుంది. దానికి వేరే ఎక్కడి నుంచీ కరెంటు అందనప్పుడు ఆదుకోవడమే సెల్ పని. లాప్‌టాప్ ఆన్ చేయగానే విండోస్ ఆ గడియారం చూసి టైమ్ తీసుకుంటుంది. ఆ తర్వాత లెక్క తనే నడుపుకుంటుంది. అందుకే మీరు పని చేసుకుంటూ ఉండగానే టైమ్ పది నిమిషాలు వెనకబడిందంటే సెల్‌ను తిట్టుకుని లాభం లేదు.

సెల్ పోతే తప్పు వేరేలా కనిపిస్తుంది. మామూలుగా తేదీయే ఎగిరిపోతుంది. ఏళ్ల వెనక్కి, చాలాసార్లు బయోస్ (విండోస్ కంటే ముందు లేచే, మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) తయారైన రోజుల దగ్గరికి వెళ్లిపోతుంది. సెల్ ఇంకా కొనప్రాణంతో ఉంటే మాత్రం ఆఫ్ చేసిన చోటే గడియారం ఆగిపోవచ్చు. రాత్రి 10 గంటలకు మూసేసిన లాప్‌టాప్ పొద్దున తెరిస్తే 10 దాటి రెండు నిమిషాలే అయినట్టు చూపిస్తుంది.

తేడా సరిగ్గా గంటల్లో ఉండి, నిమిషాలు మాత్రం కరెక్టుగా ఉంటే అది టైమ్ జోన్ గొడవ. అరగంట, ముప్పావుగంట తేడా ఉన్న జోన్‌లు కూడా ఉన్నాయని గుర్తుంచుకోండి. గడియారం ఎంత కచ్చితంగా తప్పు చూపిస్తే, హార్డ్‌వేర్ మీద అనుమానం అంత తక్కువ పెట్టుకోవాలి. అలా కాకుండా నెలకు ఒకటి రెండు నిమిషాలు జరుగుతూ పోతుంటే అది క్వార్ట్జ్ స్వభావం. దాని సంగతి కింద చెబుతాను.

తేల్చుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. టైమ్ సరిచేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసేసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు విండోస్ దాకా పోనివ్వకుండా నేరుగా బయోస్‌లోకి వెళ్లి టైమ్ చూడండి. అక్కడ సరిగ్గా ఉండి విండోస్‌లో తప్పు వస్తే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేయొచ్చు. బయోస్‌లోనే తప్పితే అప్పుడు సెల్ సంగతి చూద్దాం.

అయితే ఇందులో ఒక చిక్కుంది. చాలా లాప్‌టాప్‌లలో మెయిన్ బ్యాటరీలో ఛార్జ్ ఉన్నంతసేపూ ఆర్‌టీసీకి కరెంటు అక్కడి నుంచే వెళ్తుంది. సెల్ ఎప్పుడో చచ్చిపోయినా, రోజూ ఛార్జ్ పెట్టి వాడేవాళ్లకు ఆ సంగతే తెలియదు. నెల రోజులు వాడకుండా పక్కన పెట్టి, మెయిన్ బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయ్యాక తెరిస్తే అప్పుడు బయటపడుతుంది.

అపోహ: ఛార్జర్ పెట్టి ఉంచితే ఆ సెల్ కూడా ఛార్జ్ అవుతుంది

మామూలుగా కనిపించే సీఆర్2032 రకం ఛార్జ్ అయ్యే సెల్ కాదు. కొన్ని మోడళ్లలో ఛార్జ్ అయ్యే రకం వాడిన మాట నిజమే. అందుకే ఉన్నది ఏ రకమో దాని మీద చదివి అదే రకం వేయాలి. రెండూ గుండ్రంగానే ఉన్నాయి కదా అని ఒకదాని బదులు ఇంకొకటి పెట్టకూడదు. ఇంకో మాట: కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో అసలు ఈ సెల్లే లేదు, మెయిన్ బ్యాటరీయే ఆ పని కూడా చూసుకుంటుంది. వాటికి సీమాస్ బ్యాటరీ మారుస్తానని ఎవరైనా అంటే, తీసిన పాతది చూపించమనండి.

అపోహ: నెట్ ఉంటే టైమ్ దానంతట అదే సరవుతుంది

సగం నిజం. టైమ్ సర్వర్లతో మాట్లాడే పద్ధతిని ఎన్‌టీపీ అంటారు. 1985 నుంచి ఉన్నదే, ఇప్పటికీ అదే దిక్కు. కానీ అది పంపేది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్ మాత్రమే. మీరు ఏ టైమ్ జోన్‌లో ఉన్నారో దానికి తెలియదు, చెప్పదు. జోన్ తప్పుగా పెట్టుకుని, సర్వర్‌తో టైమ్ సరిచూసుకునే ‘సింక్ నౌ’ బటన్ ఎన్నిసార్లు నొక్కినా అదే తప్పు టైమ్ తిరిగొస్తుంది. “సింక్ సక్సెస్ అని వస్తోంది, టైమ్ మాత్రం మారట్లేదు” అనే ఫిర్యాదు వెనక తొంభై పాళ్లు ఇదే ఉంటుంది. లొకేషన్ ఆపేసి, టైమ్ జోన్ మాత్రం ఆటోమేటిక్‌లో పెట్టుకున్నవాళ్లకు కూడా ఇదే తంటా.

ఇక సింకే ఫెయిలవుతుంటే రెండు మూడు చోట్ల చూడాలి. ఎన్‌టీపీ నడిచేది యూడీపీ పోర్ట్ 123 అనే నెట్‌వర్క్ దారి మీద. కొన్ని నెట్‌వర్క్‌లలో దాన్ని మూసేస్తారు. వెబ్‌సైట్లన్నీ హాయిగా తెరుచుకుంటాయి, టైమ్ మాత్రం రాదు. ఫోన్ హాట్‌స్పాట్‌కి మారి ఒకసారి సింక్ చేస్తే విషయం తేలిపోతుంది. తర్వాత విండోస్ వెనక నడిచే పనుల జాబితా అయిన సర్వీసెస్‌లో ‘విండోస్ టైమ్’ ఆగిపోయి ఉందేమో చూడండి.

మూడోది చాలామందికి తెలియనిది. గడియారం మరీ దూరం పోతే విండోస్ సర్వర్ మాట కూడా వినదు. విడిగా వాడుకునే కంప్యూటర్లలో ఆ హద్దు మామూలుగా 15 గంటలు. తేడా అంతకు మించితే ఏదో మోసం జరుగుతోందనుకుని సరిచేయకుండా వదిలేస్తుంది. సెల్ పోయి తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిన లాప్‌టాప్ నెట్ ఉన్నా సరవకపోవడానికి ఇదొక కారణం. ముందు తేదీ, టైమ్ చేత్తో దగ్గరికి తెచ్చి అప్పుడు సింక్ నొక్కండి.

ఆఫీసు లాప్‌టాప్ అయితే ఇవేవీ ముట్టుకోవద్దు. అది టైమ్ తీసుకునేది కంపెనీ సర్వర్ నుంచి. ఐటీ వాళ్లకు చెప్పడమే మంచిది. మామూలు సెట్టింగ్స్‌లో 5 నిమిషాలకు మించి తేడా వస్తే లాగిన్ కూడా కాకపోవచ్చు.

అపోహ: మాటిమాటికీ టైమ్ మారిపోతోందంటే వైరస్, ఫార్మాట్ కొట్టాల్సిందే

ఫార్మాట్ అనే ముందు ఒక్క ప్రశ్న: ఇందులో విండోస్‌తో పాటు లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వేశారా? వేసి ఉంటే దొంగ దొరికినట్టే. ఆర్‌టీసీలో ఉన్నది లోకల్ టైమ్ అని విండోస్ అనుకుంటుంది, యూటీసీ అని లినక్స్ అనుకుంటుంది. గడియారం ఒకటే, చదివేవాళ్లు ఇద్దరు. లినక్స్‌లో పని చేసుకుని విండోస్‌లోకి రాగానే, మీ జోన్‌కూ యూటీసీకీ ఎంత తేడా ఉందో సరిగ్గా అంత తప్పు కనిపిస్తుంది. సరిచేసి మళ్లీ లినక్స్‌లోకి వెళ్తే అక్కడ తప్పుతుంది. ఇద్దరినీ ఒకే మాట మీదికి తేవాలి. విండోస్ లోపలి సెట్టింగ్స్ ఉండే రిజిస్ట్రీలో ‘రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్’ అనే విలువ చేర్చి 1 పెట్టడం ఒక దారి. లినక్స్‌నే లోకల్ టైమ్‌కి మార్చడం ఇంకో దారి. నా ఓటు మొదటిదానికే. ఒకటి గుర్తుంచుకోండి: రెండూ ఒకేసారి చేస్తే గొడవ అటు నుంచి ఇటు మారుతుందంతే.

అపోహ: టైమ్ తప్పితే కొంపేం మునగదు, ఫోన్ చూసుకుంటాం

సెక్యూర్ వెబ్‌సైట్లు తాము అసలైనవేనని చూపించే సర్టిఫికెట్లకు మొదలు తేదీ, గడువు తేదీ రెండూ ఉంటాయి. మీ లాప్‌టాప్ ఇంకా పాత ఏడాదిలోనే ఉంటే, నిన్న మొన్న జారీ అయిన సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదనుకుంటుంది. బ్రౌజర్ ఎర్ర అక్షరాలతో భయపెడుతుంది. నెట్ పోయిందని రౌటర్ రీసెట్ చేసినవాళ్లను చూశాను. లాగిన్ కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ లాప్‌టాప్‌లోనే వాడేవాళ్లకు ఇంకో తలనొప్పి. ఆ కోడ్‌లు మామూలుగా 30 సెకన్లకోసారి మారతాయి. రెండు మూడు నిమిషాల తేడా ఉంటే చాలు, ఏ కోడ్ కొట్టినా తప్పే అంటుంది.

అపోహ: కంప్యూటర్ గడియారం కాబట్టి సెకను కూడా తప్పదు

ఆర్‌టీసీలో ఉండేది చేతి వాచీల్లో ఉండే రకం క్వార్ట్జ్ ముక్కే. సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. పది లక్షలకు 20 పాళ్లు అటూ ఇటూ పోవడం దానికి మామూలే, అంటే రోజుకు సుమారు 1.7 సెకన్లు, నెలకు దాదాపు 50 సెకన్లు. వేడి ఎక్కువైనా చలి ఎక్కువైనా ఇంకాస్త నెమ్మదిస్తుంది. సింక్ ఆన్‌లో ఉంటే ఇది మీ కంట పడదు. పడిందంటే సింక్ పని చేయట్లేదన్నమాట.

అపోహ: సెల్ మార్చడం రెండు నిమిషాల పని

పనికి రెండు నిమిషాలే, నిజమే. కానీ సెల్ తీసినప్పుడు కొన్ని మోడళ్లలో బయోస్ సెట్టింగ్స్ మొదటికొస్తాయి. అందులో డిస్క్‌ను ఎలా చదవాలో చెప్పే డిస్క్ మోడ్ మారిపోతే విండోస్ లేవదు. డిస్క్‌కు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, అది లేకపోతే మీ ఫైళ్లు మీకే అందవు. కాబట్టి మూత విప్పకముందే కీ ఎక్కడుందో చూసి పెట్టుకోండి, బయోస్ పేజీలకు ఫొటోలు తీసుకోండి. విప్పాక మొదట మెయిన్ బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, సెల్ దగ్గరికి ఆ తర్వాతే. లాప్‌టాప్‌లలో ఈ సెల్ చాలావరకు ప్లాస్టిక్ తొడుగులో, రెండు సన్నటి వైర్లు, చిన్న కనెక్టర్‌తో వస్తుంది. వైర్లు పట్టుకుని లాగితే కనెక్టర్ బోర్డు మీది నుంచే ఊడొస్తుంది, గోటితో మెల్లగా కదిలించి తీయండి. మల్టీమీటర్ ఉంటే కొలిచి చూడండి. కొత్తది 3 వోల్టులకు కాస్త పైనే చూపిస్తుంది, 2.5కి దిగిపోయిన దాన్ని మార్చేయడమే. తీసిన పాత సెల్‌కు రెండు వైపులా టేపు చుట్టి, పిల్లలకు అందని చోట పెట్టండి. మింగితే గొంతు లోపల కాలిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది.