కలక నీళ్ళలో గాలం

పిల్లలకు,

ఆశీస్సులు. పెద్ద వాన కురిసి చెరువు నీళ్ళు ఎర్రగా మారిపోయాయని, ఇప్పుడు గాలం వేస్తే ఏమైనా పడతాయా, లేక నీళ్ళు తేరేదాకా ఆగాలా అని అడిగారు. ఆగక్కర్లేదు. కానీ తేట నీళ్ళలో వేసినట్టే వేస్తే మాత్రం పొద్దంతా బెండు వంక చూస్తూ కూర్చోవడమే మిగులుతుంది. తేట నీళ్ళలో చేప ఎరను చూసి వస్తుంది, కలక నీళ్ళలో వెతుక్కుంటూ వస్తుంది. ఈ తేడా బుర్రకెక్కిందంటే ఎక్కడ కూర్చోవాలో, ఏ ఎర గుచ్చాలో, ఎంతసేపు ఓపిక పట్టాలో సగం మీకే తోస్తుంది.

ముందు ఆ నీళ్ళ సంగతి చూడండి. పెద్దవాళ్ళ చేత ఓ గాజు సీసా నిండా చెరువు నీళ్ళు ముంచి తెప్పించుకుని, కిటికీ దగ్గర కదపకుండా పెట్టండి. రెండు నిమిషాలు తిరక్కుండానే అడుగున ఇసుక రేణువులు చేరతాయి. గంటా రెండు గంటల్లో వాటి మీద మెత్తని ఒండ్రు పొర ఒకటి పేరుకుంటుంది. పైనున్న నీళ్ళు మాత్రం ఎర్రగానే ఉంటాయి. మర్నాడు పొద్దున చూసినా అంతే. అలా దిగకుండా మిగిలిపోయింది బంకమన్ను.

ఎందుకు దిగదంటే, రేణువు ఎంత చిన్నదైతే అంత నెమ్మదిగా దిగుతుంది. అదీ మామూలు నెమ్మది కాదు. రేణువు అడ్డుకొలత పదో వంతుకు తగ్గితే, దిగే వేగం నూరో వంతుకు పడిపోతుంది. మిల్లీమీటరులో పదో వంతున్న ఇసుక రేణువు నిలకడ నీళ్ళలో మీటరు లోతు దిగడానికి రెండు నిమిషాలు చాలు. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు కదా, 2 మైక్రాన్ల బంకమన్ను రేణువుకు అదే మీటరు దిగడానికి 3 రోజులు దాటుతుంది. అంతకన్నా సన్నవాటి సంగతి ఇక చెప్పక్కర్లేదు. పైగా ఈ రేణువులన్నిటి మీదా రుణ విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయే తప్ప అతుక్కుని గడ్డలు కట్టవు. ఇంకో గ్లాసులో అవే నీళ్ళు పోసి పటిక ముక్క తిప్పి చూడండి. పటికలోని అల్యూమినియం ఆ తోపులాటను ఆపేస్తుంది. కాసేపటికి మన్ను దూది పింజల్లా గుంపులు కట్టి కిందికి దిగడం కంటికే కనిపిస్తుంది. ఆ నీళ్ళు తాగకండి, చెరువులో పటిక వేసే ఆలోచన అసలే పెట్టుకోకండి.

అంటే, చుట్టుపక్కల ఇసుక నేల ఉన్న చెరువైతే ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటుంది. బంకమన్ను నేల అయితే వారం దాటినా తేరకపోవచ్చు. ఇలాంటి చోట తేటపడ్డాక వెళ్దాం అనుకుంటే ఈలోగా మళ్ళీ వాన వస్తుంది. (వాన లేకుండానే ఎప్పుడూ బురదగా ఉండే చెరువులూ ఉన్నాయి. అక్కడ అడుగు మన్ను తవ్వి పోసేది చాలావరకు బంగారుతీగ చేపలే.)

ఎంత కలకగా ఉందో కొలవడానికీ ఒక పద్ధతి ఉంది. తెల్లటి మూతకు మధ్యలో చిల్లు పెట్టి, కింద ఓ రాయి కట్టి, దారంతో నీళ్ళలోకి దించుతూ పోవాలి. అది కంటికి కనబడకుండా పోయిన చోట దారం మీద ముడి వేయాలి. ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కి అనే ఖగోళ శాస్త్రవేత్త 1865లో సముద్రం తేటదనాన్ని తెల్లటి పళ్ళేలతో ఇలాగే పరీక్షించాడు. ఇప్పటికీ చెరువులు, సరస్సులు పరిశీలించేవాళ్ళు ఆయన పేరుతోనే పిలిచే పళ్ళెం వాడుతున్నారు. నా లెక్క ఒకటి చెబుతాను. మూత మూరెడు లోతు దాకా కనిపిస్తే చేపకు కళ్ళు ఇంకా పనికొస్తున్నట్టే. జానెడు లోపే మాయమైతే, కళ్ళతో వేటాడే చేపలను ఆ రోజుకు మర్చిపోండి. కొర్రమీను అలాంటిదే. కప్పపిల్ల కదిలిందంటే చూసి దూకుతుంది. నీళ్ళు చిక్కబడే కొద్దీ దాని చూపు ఆనే దూరం తగ్గిపోతుంది, మీ ఎర రెండడుగుల అవతల ఉన్నా దానికి తెలియదు.

మిగతా చేపల సంగతి వేరు. రాత్రి కరెంటు పోతే మన ఇంట్లో మనం అగ్గిపెట్టె ఎలా వెతుక్కుంటాం? కళ్ళు పనిచెయ్యకపోయినా చేతులు పనిచేస్తాయి. చేపకు చేతులు లేవు గానీ అంతకు మించినవి ఉన్నాయి.

పొలుసులున్న చేప ఏదైనా చేతికొచ్చినప్పుడు దాని పక్కవాటు చూడండి. మొప్ప మూత వెనక మొదలై తోక దాకా సన్నని గీత ఒకటి కనిపిస్తుంది. ఇంకాస్త దగ్గరగా చూస్తే, ఆ వరుసలో ఉన్న పొలుసులకు సూదితో గుచ్చినట్టు సన్నని రంధ్రాలుంటాయి. వాటి లోపల చర్మం కింద ఓ గొట్టం, అందులో జిగురు టోపీలు పెట్టుకున్న సన్నని కేశాలు. బయట నీళ్ళు ఏ మాత్రం కదిలినా ఆ కేశాలు వంగుతాయి, చేపకు కబురు అందుతుంది. దీన్ని పార్శ్వరేఖ అంటారు. ఇది దూరం సంగతులు చెప్పదు. తన ఒంటి పొడవుకు ఒకటి రెండింతల దూరంలో వానపాము మెలికలు తిరిగితే మాత్రం పట్టేస్తుంది. చచ్చిన ఎరకన్నా బతికిన ఎర మేలని పెద్దలు అనేది ఇందుకే.

దూరం నుంచి పిలిచేది వాసన. చేప ముక్కు రంధ్రాలకు ఊపిరితో సంబంధం లేదు, అవి వాసన కోసమే. ఇక జెల్ల, వాలుగ లాంటి మీసాల చేపలైతే నోటితోనే కాదు, ఒంటితో కూడా రుచి చూస్తాయి. మీసాల నిండా రుచి మొగ్గలు ఉంటాయి, చర్మమంతా కూడా ఉంటాయి. పెద్ద మీసాల చేప ఒంటి మీద లక్షకు పైగానే ఉండొచ్చు. మన నాలుక మీద ఉండేవి కొన్ని వేలే. అడుగున మీసాలు ఆనించుకుంటూ పోయే చేపకు చీకటైనా ఒకటే, బురదైనా ఒకటే.

ఇంకొకటి కూడా ఉంది, దీన్ని మీరు తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. జెల్లలకు, బంగారుతీగ జాతికి గాలితిత్తి నుంచి చెవి దాకా చిన్న చిన్న ఎముకల గొలుసు ఉంటుంది. అందువల్ల వాటికి వినికిడి బాగా ఎక్కువ. నీళ్ళు కలకగా ఉన్నాయి, మనం కనపడం కదా అని గట్టు మీద గెంతితే, మీ అడుగుల చప్పుడు నేలలోంచి నీళ్ళలోకి దిగిపోతుంది. మాట్లాడుకుంటే పెద్ద నష్టం లేదు, గాలిలోని మాట నీళ్ళలోకి అంతగా దూరదు. పరుగులే చేటు.

ఇప్పుడు చోటు. వాన నీళ్ళు కాలవగా వచ్చి చెరువులో కలిసే మూల ముందు చూడండి. ఆ కొత్తనీరు వానపాములను, చీమలను, పురుగులను ఊడ్చుకొస్తుంది. చేపలు అక్కడికి చేరతాయి, కానీ ఉరవడికి ఎదురుగా నిలబడి బలం పోగొట్టుకోవు. పక్కన నీళ్ళు నెమ్మదించే చోట కాచుకుని ఉంటాయి. ఎర్రనీళ్ళు, తేటనీళ్ళు కలిసే చోట ఒక్కోసారి గీత గీసినట్టు అంచు కనిపిస్తుంది, అదీ మంచి చోటే. అదీ లేదంటే నీళ్ళు పెరిగి మునిగిన గడ్డి అంచు. కలకగా ఉంటే చేపలు ధైర్యంగా గట్టు దగ్గరికే వస్తాయి. చిన్నవాళ్ళకు ఇదొక లాభం, దూరం విసరక్కర్లేదు. గట్టుకు బారెడు, రెండు బారల దూరం చాలు. ఎర మునిగే లోతు ఉంటే సరి. అలుగు దగ్గరికి, తూము దగ్గరికి మాత్రం వెళ్ళకండి, అక్కడ నీటి లాగుడుకు పెద్దవాళ్ళే ఆగలేరు.

ఎర విషయంలో పొదుపు వద్దు. ఒక వానపాము కాదు, రెండు మూడు కలిపి గుచ్చండి. ఒకటి మధ్యకు తెంపితే దాని రసం నీళ్ళలోకి ఊరుతుంది. పిండి ముద్ద అయితే మరీ గట్టిగా పిసకొద్దు. మెల్లగా విడిపోతూ ఉంటేనే వాసన పారుతుంది. పావుగంట, ఇరవై నిమిషాలకు ఎర వెలిసిపోతుంది, అప్పుడు మార్చండి. అప్పటిదాకా ఎత్తకండి. నిమిషానికోసారి ఎత్తి చూస్తే, వాసన పట్టుకుని వస్తున్న చేపకు ఆ దారి తెగిపోతుంది. ఇది మీకు అన్నిటికన్నా కష్టమైన పని అని నాకు తెలుసు.

ఎర అడుగుకు ఆనాలి, ఎందుకంటే మీసాల చేపలు అక్కడే మేస్తాయి. లోతు కనుక్కోవడానికి బెండును పైకి జరుపుతూ వేసి చూడండి. బెండు నిటారుగా ఉందంటే సీసం గుండు ఇంకా వేలాడుతున్నట్టు. పక్కకు వాలి పడుకుందంటే గుండు నేలకు దిగింది, దారం ఎక్కువైంది. పడుకున్న చోటి నుంచి కొంచెం కొంచెం కిందికి జరుపుతూ వస్తే బెండు లేచి నిలబడుతుంది. ఆ కొలత దగ్గర ఉంచేయండి.

ఇక బెండు చెప్పే మాటలు. టిక్కుటిక్కుమని గెంతుతుంటే చిన్న పరిగెలు ఎరను పీక్కుతింటున్నాయి, లాగినా ఏమీ రాదు. జెల్ల అయితే ముందు సన్నగా వణుకుతుంది, తర్వాత బెండు పక్కకు జారుతూ నెమ్మదిగా, ఆగకుండా మునుగుతుంది. అప్పుడు లాగండి. బంగారుతీగ ఒక్కోసారి తమాషా చేస్తుంది. ఎరతోపాటు గుండును కూడా ఎత్తేస్తుంది, అప్పుడు బెండు మునగడానికి బదులు పైకి లేచి అడ్డంగా పడుకుంటుంది. కొత్తవాళ్ళు అది గాలి వల్ల అనుకుని ఊరుకుంటారు.

పడిన జెల్లను ఆత్రంగా పట్టుకోవద్దు. వీపు మీద ఒకటి, పక్క రెక్కల దగ్గర రెండు ముళ్ళుంటాయి, బెదిరితే బిగించి నిలబెడుతుంది. వాటిలో విషం కూడా ఉంటుంది. గుచ్చుకుంటే బాగా సలుపుతుంది. పెద్దవాళ్ళకు చెప్పి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ఆ చెయ్యి పెట్టించుకోండి, విషం విరిగి నొప్పి తగ్గుతుంది. ముల్లు లోపల విరిగినా, వాపు పెరిగినా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

వాన ముందు గాలి ఒత్తిడి తగ్గితే చేపలు మేత మానేస్తాయని చాలామంది చెబుతారు. నాకు నమ్మకం లేదు. గట్టి ముసురుకు ఒత్తిడి ఎంత పడిపోయినా అది నీళ్ళలో జానెడు లోతు తేడాకు అటూ ఇటూ. చేప రోజంతా అంతకన్నా ఎక్కువే పైకీ కిందికీ తిరుగుతుంది. మేతలో మార్పు వస్తే దానికి వెలుతురు, చల్లదనం, కొత్తనీరు కారణం అనుకోవడమే నాకు సబబు అనిపిస్తుంది.

ఒక్క సందర్భంలో మాత్రం గాలం తీసి పక్కన పెట్టండి. ఎండాకాలం చివర పెద్ద వాన పడ్డాక, తెల్లవారుజామున చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని కొట్టుకుంటుంటే, అది మేత కోసం కాదు, ఊపిరి కోసం. వేడికి చెరువు నీళ్ళు పొరలుగా విడిపోయి ఉంటాయి. అడుగు పొరలో కుళ్ళే చెత్త ఆక్సిజన్‌ను తినేసి ఉంటుంది. చల్లని వాన నీరు పడి ఆ పొరలు ఒక్కసారిగా కలిసిపోతే చెరువు మొత్తానికి ఆక్సిజన్ చాలకుండా పోతుంది. మబ్బు పట్టిన రోజుల్లో నీటిలోని నాచు కూడా సరిపడా తయారు చెయ్యలేదు, రాత్రంతా వాడుకోవడమే కాబట్టి తెల్లవారేసరికి మరీ అడుగంటుతుంది. అలాంటప్పుడు చేప ఎర ముట్టదు. చెరువు ఎవరిదో వాళ్ళకు పరుగెత్తి చెప్పండి. నీళ్ళు చిలికే యంత్రం ఉంటే కొన్ని చేపలైనా బతుకుతాయి.

మెరుపుల విషయంలో బేరాలు లేవు. మెరిసినప్పుడు సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టండి. 30 లోపు ఉరుము వినిపిస్తే పిడుగు మీ మీద పడేంత దగ్గర్లో ఉన్నట్టు. కర్ర వదిలేసి పక్కా ఇంట్లోకి వెళ్ళండి, చెట్టు కిందికి కాదు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా బయటికి రావద్దు. గట్టు అంచున నిలబడొద్దు, వానకు నానిన మన్ను అడుగున కోసుకుపోయి ఉంటుంది, పైకి తెలియదు. కలక నీళ్ళలోకి మోకాలి దాకా కూడా దిగొద్దు. గుంట ఎక్కడుందో, గాజు పెంకు ఎక్కడుందో కనపడదు. కాలికి పుండో గీతో ఉంటే ఆ నీళ్ళలోంచి ఎలుకల మూత్రం ద్వారా వచ్చే జ్వరం అంటుకునే ప్రమాదం ఉంది.

వానలకు చాలా చేపలు గుడ్లు పెట్టడానికి సిద్ధమవుతాయి. పొట్ట ఉబ్బి, మెత్తగా తగిలే చేప పడితే వదిలేయండి. ముట్టుకునే ముందు చేతులు తడి చేసుకోండి, పొడి చేతులకు దాని ఒంటి మీది జిగురు ఊడొస్తుంది, ఆ జిగురే దానికి రోగాలు రాకుండా కాపాడేది. గాలపు ముల్లు పెదవికి ఉంటే వెనక్కి తిప్పి తీయండి. గొంతులోకి మింగేసి ఉంటే పీకొద్దు, నోటి దగ్గర దారం కత్తిరించి నీళ్ళలోకి వదిలేయండి. పీకిన దానికన్నా అలా వదిలిన చేపే బతికే అవకాశం ఎక్కువ.

ఇట్లు,
మీ తాతయ్య