భారీ రోబోలు, బక్క జీతాలు

జపాన్‌లో ఈమధ్య వచ్చిన రోబో సీరియల్ ఏదైనా పెట్టుకుని కాస్త నిదానంగా చూడండి. మనుషుల ముఖాలు, జుట్టు, చేతులు అన్నీ మనిషి గీసిన గీతలే. వాళ్ల వెనక నిలబడిన పెద్ద రోబో మాత్రం చాలాసార్లు కంప్యూటర్లో కట్టిన బొమ్మ. 2025 ఏప్రిల్‌లో టీవీకి వచ్చిన ఎన్నో ఏళ్లుగా వస్తున్న 'గండమ్' రోబో కథల్లో కొత్త సిరీస్ 'జీక్వాక్స్'లోనూ రోబోలు త్రీడీవే. జపాన్ యానిమేషన్‌కు ప్రపంచంలో పేరు తెచ్చిన వాటిలో చేత్తో గీసిన ఈ ఇనుప శరీరాలు ముందు వరసలో ఉంటాయి. వాటిని గీయగలిగినవాళ్లు తగ్గిపోతున్నారని ఆ పనిలో ఉన్నవాళ్లే బాధపడుతున్నారు. కాలం మారింది, యంత్రం వచ్చింది, అందుకే చెయ్యి ఆగింది అనుకోవచ్చు. నాకు ఆ జవాబు చాల్లేదు. వెనక్కి వెళ్లి చూస్తే ఈ కథ మొదటినుంచీ రెండు లెక్కల మధ్య నడిచింది. ఒకటి బొమ్మల కొట్టు లెక్క, రెండోది గీసేవాడి కూలి లెక్క.

మొదటి పెద్ద రోబో టెట్సుజిన్ 28. కోబె నగరంలో పుట్టిన మిత్సుతెరు యొకొయామా 1956లో దాని బొమ్మల కథ మొదలుపెట్టారు. అప్పటికి యుద్ధం ముగిసి పదకొండేళ్లే. ఆయన చిన్నప్పుడు కోబె మీద బాంబులు పడ్డాయి. కథలో కూడా ఆ రోబో యుద్ధం కోసం రహస్యంగా తయారైన ఆయుధమే. యుద్ధం అయిపోయాక ఒక కుర్రాడి చేతికి వస్తుంది. దానికి సొంత బుద్ధి లేదు. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాట వింటుంది. మంచివాడి చేతిలో ఉంటే కాపాడుతుంది, దొంగ చేతిలో పడితే ఊళ్లు కూలుస్తుంది. తర్వాత వచ్చిన రోబో కథలన్నిటిలో ఏదో ఒక మూల ఈ భయం ఉంటుంది. 1995 భూకంపంలో బాగా దెబ్బతిన్న కోబెలోని నాగతా ప్రాంతంలో, ఊరు మళ్లీ లేచి నిలబడిన గుర్తుగా 2009లో ఇదే రోబోకు భారీ విగ్రహం కట్టారు.

1963లో రెండు సంగతులు జరిగాయి. జనవరి 1న బొమ్మల కథల రచయిత ఒసాము టెజుకా తీసిన, రోబో కుర్రాడి కథ 'ఆస్ట్రో బాయ్' టీవీలో మొదలైంది. అక్టోబర్‌లో టెట్సుజిన్ 28 కూడా టీవీకి ఎక్కింది. మొదటిదానికి డబ్బు పెట్టింది మెయిజి, రెండోదానికి గ్లికో. రెండూ మిఠాయి కంపెనీలే. వారం వారం అరగంట యానిమేషన్ అంటే అప్పట్లో ఎవరూ నమ్మలేని పని. టెజుకా దాన్ని ఖర్చు కంటే తక్కువ ధరకే టీవీకి ఇచ్చారు. సినిమా సాఫీగా కదలాలంటే సెకనుకు 24 ఫ్రేములు. ఆయన స్టూడియోలో ఒక్కో బొమ్మను మూడు ఫ్రేముల పాటు నిలిపేవారు. అంటే సెకనుకు ఎనిమిది బొమ్మలు. కదలని ముఖం మీద పెదవులు మాత్రం కదిలించడం, ఒకసారి గీసిన దృశ్యాన్ని దాచుకుని మళ్లీ మళ్లీ వాడుకోవడం అప్పుడే అలవాటయ్యాయి.

ఈ రంగంలో తక్కువ జీతాలకు టెజుకాయే కారణమని ఇప్పటికీ కొందరు అంటుంటారు. అది పూర్తి న్యాయం కాదనిపిస్తుంది. ఆయన పోయి మూడున్నర దశాబ్దాలు దాటింది. ఈలోగా ఎన్నో కంపెనీలు కోట్లు చూశాయి. ధర మార్చే అవకాశం వాళ్లందరికీ ఉంది.

అసలు మలుపు 1972 డిసెంబర్‌లో మొదలైన 'మజింగర్ జడ్'. ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయినప్పుడు, కారుకు కాళ్లు మొలిచి ముందు కార్లను దాటుకుంటూ పోతే ఎలా ఉంటుందా అనుకున్నానని దాని సృష్టికర్త గో నాగాయ్ చెప్పేవారు. ఆ ఊహతోనే కుర్రాడు రిమోట్ వదిలేసి రోబో తలలోకి ఎక్కి కూర్చున్నాడు. చూసే పిల్లవాడికి ఇక ఆ శరీరమే తనది. బొమ్మల కంపెనీ బండాయ్‌కు చెందిన పోపీ 1974లో లోహంతో పోతపోసిన మజింగర్ బొమ్మను 'చోగోకిన్' పేరుతో అమ్మకానికి పెట్టింది. చేతిలోకి తీసుకుంటే బరువు తెలిసేది. కొట్లలో విపరీతంగా అమ్ముడైంది. అదే ఏడాది మూడు విమానాలు కలిసి ఒక రోబో అయ్యే 'గెట్టర్ రోబో' వచ్చింది. అక్కడినుంచి కథ బొమ్మకు కట్టుబడింది. రోబో ఎన్ని ముక్కలవ్వాలి, ఏ రంగులో ఉండాలి, ఏ వారం కొత్త ఆయుధం రావాలి అన్నదాంట్లో బొమ్మల కంపెనీ మాటకు బరువెక్కువ. అరగంట సీరియల్ నిజానికి అరగంట ప్రకటన.

ఈ అడకత్తెరలో పోకచెక్కలా ఉంటూనే గొప్ప పని చేసినవాళ్ల గురించి చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

టెజుకా స్టూడియో ముషి ప్రొడక్షన్ 1973లో దివాలా తీసింది. దానికి ముందు ఏడాదే అక్కడినుంచి బయటికొచ్చిన కొందరు సన్‌రైజ్ అనే స్టూడియో పెట్టుకున్నారు. ముషిలోనే పని నేర్చుకున్న యోషియుకి టొమినో 1977లో ఈ సన్‌రైజ్ కోసం 'జాంబాట్ 3' తీశారు. డబ్బు క్లోవర్ అనే బొమ్మల కంపెనీది. మూడు వాహనాలు కలిసి ఒక రోబో అవ్వాలి, ఆ షరతు తప్పలేదు. కానీ ఆ రోబో పోరాడినప్పుడల్లా ఊళ్లు కాలిపోతుంటే, జనం శత్రువును వదిలేసి కాపాడే కుటుంబం మీదే రాళ్లు వేస్తారు. శత్రువులు బందీలను పట్టుకుని, వాళ్ల ఒంట్లో బాంబులు పెట్టి ఇంటికి పంపిస్తారు. హీరో స్నేహితులు కూడా అలాగే చనిపోతారు. సాయంత్రం పిల్లలు చూసే బొమ్మల ప్రకటనలో ఇంత దుఃఖం పెట్టగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. బొమ్మ అమ్ముడైతే చాలు, లోపల కథ మీ ఇష్టం అన్న చిన్న సందులోంచి ఆయన ఇంత పెద్ద గాలిని రానిచ్చారు.

అదే సందులోంచి 1979 ఏప్రిల్ 7న 'మొబైల్ సూట్ గండమ్' వచ్చింది. రోబోను గీసి ఇచ్చింది కునియో ఒకావరా, మనుషులను గీసింది యోషికాజు యసుహికో. ఒకావరా అంతకుముందు 1972లో 'గచ్చామన్' సీరియల్‌కు యంత్రాలు గీశారు. జపాన్‌లో యంత్రాలు గీయడమే ప్రత్యేకమైన వృత్తిగా మొదట నిలబెట్టుకున్నది ఆయనే. గండమ్‌లో రోబో ఒక్కటే గొప్ప వీరుడు కాదు, సైన్యం వరసగా తయారుచేసే యుద్ధ యంత్రం. అవతలి పక్షంలోనూ మనుషులే, వాళ్లకూ భార్యలు, పిల్లలు ఉంటారు. టొమినోకు తెల్లటి, గంభీరమైన రోబో కావాలి. క్లోవర్‌కు కొట్లో పిల్లాడి కంటపడే రంగులు కావాలి. ఇప్పుడు లోకమంతా గుర్తుపట్టే ఆ ఎరుపు, నీలం, పసుపు ఈ బేరంలోంచి వచ్చినవే.

క్లోవర్ బొమ్మలు అనుకున్నంత అమ్ముడవలేదు. 52 వారాలు అనుకున్న కథను 43కు కుదించారు. చివరి నెలల్లో యసుహికో జబ్బుపడి ఆసుపత్రిలో చేరారు. ఆ ఎపిసోడ్లు చూస్తే ఆయన లేని లోటు గీతల్లోనే కనిపిస్తుంది. 1980 జనవరిలో గండమ్ ముగిసింది. లెక్క ప్రకారం ఓడిపోయిన సీరియల్. అయితే దాన్ని వదలకుండా చూసింది హైస్కూలు పిల్లలు. వాళ్లకు చిన్నపిల్లల బొమ్మ అక్కర్లేదు. తెరమీద చూసిన యంత్రాన్ని అచ్చంగా చేత్తో బిగించుకోవాలని ఉంది. బండాయ్ ఆ సంగతి పట్టుకుని 1980 జులైలో ముక్కలు అతికించి కట్టుకునే ప్లాస్టిక్ గండమ్‌ను 300 యెన్‌లకు విడుదల చేసింది. కొట్ల ముందు క్యూలు కట్టారు. మొదటినుంచి డబ్బు పెట్టిన క్లోవర్ 1983లో దివాలా తీసింది. సన్‌రైజ్‌ను 1994లో బండాయ్ కొనేసింది. గండమ్ పేరుమీద బండాయ్ నామ్కో సంస్థల అమ్మకాలు 2025 మార్చితో ముగిసిన ఒక్క ఏడాదిలో 15,000 కోట్ల యెన్‌లు దాటాయి.

ఈ డబ్బంతా గీతలోంచి పుట్టింది. ఆ గీతను గీసినవాళ్లలో యోషినొరి కనడా పేరు ముందు చెప్పుకోవాలి. 'జాంబాట్ 3'లో ఆయన గీసిన భాగాలు విడిగా తెలిసిపోతాయి. రోబో కాలు కెమెరా ముందుకు కొండంత అవుతుంది, తల ఎక్కడో ఆవగింజంత. వెలుగు మెరుపుతీగలా వంకర్లు తిరుగుతుంది. సెకనుకు ఎనిమిది బొమ్మలే ఇస్తే, ఆ ఎనిమిదిటినే ఇంత బలంగా చేసి చూపించాడాయన. ఇచిరో ఇతానో గండమ్‌లో పనిచేసి, 1982లో 'మాక్రాస్'కు వచ్చారు. పదుల కొద్దీ క్షిపణులు పొగతోకలతో మెలికలు తిరుగుతూ విమానాన్ని తరుముతుంటే, కెమెరా కూడా వాటి మధ్యలోంచి దూసుకుపోతుంది. దానికి 'ఇతానో సర్కస్' అని పేరే పడిపోయింది. కుర్రతనంలో మోటార్‌సైకిల్‌కు తారాజువ్వలు కట్టి నడిపిన అనుభవమే అందులో ఉందని ఆయనే చెప్పుకున్నారు. అదే మాక్రాస్‌లో షోజి కవామొరి విమానంలోంచి రోబో లేచే అమరికను లెగో ముక్కలతో కట్టి చూసుకుని మరీ గీశారు. మసామి ఒబారి 1985లో 'డాంకూగా' రోబోలు గీసేనాటికి పందొమ్మిదేళ్లవాడు. ఒక చేత్తో కత్తిని తెర ముందుకు చాచి నిలబడే ఆయన భంగిమ తర్వాతి తరం రోబోలన్నిటికీ సంతకంలా మారింది.

ఇదే కాలంలో రోబోలు ఊళ్లు దాటాయి. 1978లో 'గ్రెండైజర్' ఇటలీలో, ఫ్రాన్స్‌లో పిల్లలను టీవీలకు అతికించింది. ఫిలిప్పీన్స్‌లో 'వోల్టెస్ ఫైవ్' చివరి ఎపిసోడ్లు మిగిలి ఉండగానే 1979లో మార్కోస్ ప్రభుత్వం ఆపేసింది.

రోబోను గీయడం ఎందుకు కష్టమో చెప్పుకుంటే జీతాల సంగతి అర్థమవుతుంది. ముఖం మెత్తనిది. ఒక గీత కాస్త అటూ ఇటూ జరిగినా ఏదో భావంలా కనిపించి సరిపోతుంది. ఇనుము వంగదు. భుజం ఒక పెట్టె, మోచెయ్యి ఒక పెట్టె, అరచెయ్యి ఇంకో పెట్టె. తిరుగుతున్నప్పుడు వాటిలో ఒక్కటి కోణం తప్పినా మొత్తం రోబో అట్టబొమ్మలా కనిపిస్తుంది. ఒక కదలికలో ముఖ్యమైన భంగిమలు గీయడాన్ని వాళ్లు గెంగా అంటారు. రెండు భంగిమల మధ్య కదలికను నింపే బొమ్మలు దోగా. కొత్తగా చేరినవాళ్లు మొదలుపెట్టేది దోగాతోనే. దీనికి కాగితానికి ఇంత అని కూలి, సుమారుగా 200 యెన్‌ల చుట్టూ. నెలకు 500 కాగితాలు గీసినా లక్ష యెన్‌లే. యానిమేటర్ల సంఘం జానికా 2015లో బయటపెట్టిన సర్వేలో దోగా గీసేవాళ్ల సగటు ఏడాది ఆదాయం 11 లక్షల యెన్‌లు. మన రూపాయల్లోకి మార్చుకుంటే ఫర్వాలేదనిపించవచ్చు. టోక్యోలో అద్దె కట్టి బతికేవాళ్లకు అది చాలదు.

రోబో గీసేవాడికి ఇక్కడే ఇంకో దెబ్బ. పది గీతల ముఖానికైనా, వంద గీతల రోబోకైనా కాగితానికి కూలి మామూలుగా ఒకటే. 1980లలో వీడియో క్యాసెట్ల కోసం ప్రత్యేకంగా తీసిన సినిమాల్లో డబ్బు కాస్త ఆడింది. అప్పుడు రోబోల మీద గీతలు, బోల్టులు, నీడలు పెరుగుతూ పోయాయి. డబ్బు తగ్గాక కూడా గీతలు మాత్రం అలాగే ఉండిపోయాయి. రోజుకు ఇరవై ముఖాలు గీసే కుర్రాడు అన్ని రోబోలను గీయలేడు. అంటే కష్టమైన పని నేర్చుకునే కొద్దీ ఆదాయం తగ్గుతుంది. కడుపు కట్టుకుని ఎంతకాలం నేర్చుకుంటాడు? దోగాలో ఎక్కువ భాగం ఎప్పుడో దేశం దాటి కొరియా, చైనా, ఆగ్నేయాసియాకు వెళ్లిపోయింది. దాంతో జపాన్ కుర్రాళ్లు చెయ్యి తిప్పుకునే మొదటి మెట్టే సన్నబడింది. 2002లో 'మాక్రాస్ జీరో' నాటికి కవామొరి విమానాలు కంప్యూటర్లోకి మారాయి. కంప్యూటర్‌ను నేను తప్పు పట్టను. 2018లో వచ్చిన 'గ్రిడ్‌మ్యాన్' త్రీడీ రోబోలను కూడా చేత్తో గీసినట్టు సాగదీసి, ఒబారి భంగిమల్లో నిలబెట్టారు. ఆ పాత గీత మీద ఉన్న ప్రేమ అందులో తెలుస్తుంది. కానీ అలా అనుకరించడానికైనా ముందు గీసినవాడు ఒకడుండాలి కదా.

1995లో దర్శకుడు హిదెయాకి అన్నో రోబో సీరియల్ 'ఎవాంజెలియన్' పెద్ద విజయం సాధించాక, పెట్టుబడి పెట్టేవాళ్లందరూ కమిటీగా ఏర్పడే పద్ధతి బాగా పాకింది. మ్యూజిక్ కంపెనీ, ప్రచురణ సంస్థ, బొమ్మల కంపెనీ తలా కొంత వేసుకుంటాయి. లాభం వాటాల ప్రకారం పంచుకుంటాయి. గీసే స్టూడియోకు వాటా లేకపోతే, ఒప్పుకున్న మొత్తం చేతికొచ్చి అక్కడితో సరి. సీరియల్ ఆడినా ఆడకపోయినా దానికి తేడా ఉండదు. 'ఎవాంజెలియన్' తీసిన గైనాక్స్ ఎన్నో ఏళ్ల అప్పుల తర్వాత 2024లో దివాలా ప్రకటించింది. అన్నో 2006లోనే సొంత సంస్థ ఖారా పెట్టుకున్నారు. మొదట చెప్పిన 'జీక్వాక్స్' తీసింది ఖారా, సన్‌రైజ్ కలిసే.

2023లో జపాన్ యానిమేషన్ మార్కెట్ 3.3 లక్షల కోట్ల యెన్‌లకు చేరింది. అందులో సగానికి పైగా విదేశాల నుంచి వచ్చినదే. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలికి అందిన ఒక నివేదిక, ఈ రంగంలో తక్కువ జీతాలు, మితిమీరిన పనిగంటలు, సబ్ కాంట్రాక్టుల్లో అన్యాయం గురించి పేరుపెట్టి రాసింది. 2024 నవంబర్ 1 నుంచి జపాన్‌లో ఫ్రీలాన్సర్ల రక్షణకు కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. పని అప్పగించేవాళ్లు షరతులు రాసి ఇవ్వాలి, పని అందిన 60 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. విడివిడిగా పనిచేసే యానిమేటర్లకు ఇది మంచి కబురే. కాగితానికి కూలి ఎంత అన్నది మాత్రం ఆ చట్టం చెప్పదు.

టోక్యోలో సుగినామి అనే ప్రాంతం నిండా యానిమేషన్ స్టూడియోలే. సన్‌రైజ్ ఎన్నో ఏళ్లు అక్కడి కమిఇగుసా స్టేషన్ దగ్గరే ఉండేది. స్టేషన్ బయట 2008లో గండమ్ కంచు విగ్రహం పెట్టారు. రైలు బయల్దేరేటప్పుడు ప్లాట్‌ఫారం మీద మోగేది 1979 సీరియల్ పాటే. ఆ చుట్టుపక్కల వీధుల్లో ఈ రాత్రి కూడా ఎవరో కుర్రాడో అమ్మాయో లైట్ టేబుల్ మీద వంగి కూర్చుని ఉంటారు. రెండు భంగిమల మధ్య మోచెయ్యి ఎక్కడ ఉండాలో చూసుకుంటూ గీస్తుంటారు.