‘ఎవరిదీ కాని నేల’ అన్న అబద్ధం

జనవరి 26న ఆస్ట్రేలియాలోని తెలుగు కుటుంబాలు మన గణతంత్ర దినోత్సవం చేసుకుంటాయి. అదే రోజు ఆ దేశానికి ఆస్ట్రేలియా డే. అక్కడి ఆదివాసుల్లో చాలామందికి మాత్రం అది కడుపు మండే రోజు. 1788లో ఆ తేదీనే బ్రిటిష్ వాళ్లు సిడ్నీ తీరాన జెండా పాతారు. 150 ఏళ్లయిందని 1938లో సిడ్నీ అంతా సంబరం చేసుకుంటుంటే, ఆదివాసి నాయకులు అదే ఊళ్లో ఒక హాల్లో చేరి సంతాప దినం పాటించారు.

గొడవంతా నేల గురించే. అది ‘ఎవరిదీ కాని నేల’ అన్నది వలస పాలకుల వాదం. ఆ ఖండంలో ఆదివాసులు కనీసం 50 వేల ఏళ్లుగా ఉన్నారు. 65 వేల ఏళ్లని చెప్పే ఆధారాలూ ఉన్నాయి. వాళ్లవి 250కి పైగా భాషలు. ఏ నేల ఏ తెగదో అందరికీ తెలుసు. ‘తిరుగుతూ బతికేవాళ్లు, వాళ్లకేం తెలుసు’ అనేవాళ్లు విక్టోరియా రాష్ట్రంలోని బుజ్ బిమ్ చూడాలి. అక్కడ గుండిచ్‌మార తెగవాళ్లు 6,600 ఏళ్ల కిందటే లావా రాళ్లు పేర్చి కాలువలు, గట్లు కట్టారు. పాముల్లా ఉండే ఈల్ చేపల్ని ఆ నీళ్లలోకి మళ్లించి, అల్లిన బుట్టల్లో పట్టేవారు. ఆ రాళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఇవేవీ వలస పాలకుల కంటికి ఆనలేదు. 1835లో జాన్ బ్యాట్‌మన్ అనే ఆసామి దుప్పట్లు, గొడ్డళ్లు, పిండి ఇచ్చి ఇప్పటి మెల్‌బోర్న్ ప్రాంతాన్ని ఆదివాసుల దగ్గర కొన్నానని కాగితం రాయించుకున్నాడు. అది మోసపు బేరమే. కానీ గవర్నర్ బర్క్ దాన్ని కొట్టేస్తూ చెప్పిన కారణం ఇంకా దారుణం: భూమంతా రాజుగారిదట, అమ్మే హక్కు ఆదివాసులకు లేదట!

మశూచి కొందరిని తీసుకుపోయింది, తుపాకులు ఇంకొందరిని. 1838లో మయాల్ క్రీక్‌లో 28 మందిని చంపారు, వాళ్లలో పసిపిల్లలూ ఉన్నారు. దానికి ఏడుగురు తెల్లవాళ్లను ఉరితీశారు. అలాంటి శిక్ష పడటం చాలా అరుదు. 20వ శతాబ్దంలో పిల్లల వంతు వచ్చింది. 1970ల దాకా వేల మంది పిల్లల్ని తల్లుల ఒడిలోంచి లాక్కుని హాస్టళ్లలో, తెల్లవాళ్ల ఇళ్లలో పెంచారు. దానికి పార్లమెంటులో ప్రధాని క్షమాపణ చెప్పింది 2008లో.

పోరాటాల్లో నన్ను బాగా కదిలించేది గురింజి తెగది. 1966లో విన్సెంట్ లింగియారి వెంట సుమారు 200 మంది వేవ్ హిల్ పశువుల ఎస్టేటు వదిలి నడిచిపోయారు. కూలి కోసం మొదలైన సమ్మె ‘మా నేల మాకివ్వండి’ దాకా వెళ్లింది. తొమ్మిదేళ్ల తర్వాత ప్రధాని గాఫ్ విట్లమ్ అక్కడికే వచ్చి, ఎర్రమట్టి తీసి లింగియారి అరచేతిలో పోశారు.

‘ఎవరిదీ కాని నేల’ అన్న వాదాన్ని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు 1992లో మాబో కేసులో తోసిపుచ్చింది. ఆ కేసు వేసిన టోరెస్ జలసంధి దీవివాసి ఎడ్డీ మాబో తీర్పుకు కొన్ని నెలల ముందే చనిపోయారు.

ఆదివాసుల్ని జనాభా లెక్కల్లో చేర్చేందుకు 1967 రెఫరెండంలో 90 శాతానికి పైగా ఓటర్లు ‘యెస్’ అన్నారు. ఆదివాసుల తరఫున పార్లమెంటుకు సలహా ఇచ్చే ఒక మండలి కావాలా అని 2023 రెఫరెండంలో అడిగితే మాత్రం సుమారు 60 శాతం ‘నో’ అన్నారు. ఆరు రాష్ట్రాల్లో ఒక్కటీ ఒప్పుకోలేదు.