వాలు ప్లేట్, రెండు పొరల కవచం: అపోహలు - వాస్తవాలు

బుల్లెట్‌ప్రూఫ్ బండి కవచానిది, మొన్న మళ్లీ అదే డ్రాయింగ్ నా బల్ల మీదికొచ్చింది. 12 మి.మీ. నిటారు ప్లేట్ తీసేసి, 6 మి.మీ. ప్లేట్‌ను 60 డిగ్రీలు వెనక్కి వాల్చారు. పక్కనే ‘బరువు సగం’ అని రాసుకున్నారు.

అపోహ: వాలిస్తే మందం ఊరికే రెట్టింపవుతుంది.

వాస్తవం: నేలకు సమాంతరంగా వచ్చే బుల్లెట్ ఆ 6 మి.మీ. ప్లేట్‌లో 12 మి.మీ. ఉక్కు దాటాలి, నిజమే. కానీ అదే మీటరు ఎత్తు కప్పడానికి ఇప్పుడు 2 మీటర్ల ప్లేట్ కావాలి. మీటరు వెడల్పుకు లెక్క వేయండి. నిటారుదీ 94 కిలోలే, వాలుదీ 94 కిలోలే. మరి సగం ఎక్కడ తగ్గింది? వాలు వల్ల దక్కేది వేరే ఉంది. బుల్లెట్ మొన పక్కకు నెట్టుకుపోతుంది, బుల్లెట్ లోపలి గట్టి ముక్క (కోర్) ఆ వంపుకు తాళలేక విరుగుతుంది, లేదా బుల్లెట్టే జారిపోతుంది. అదీ ప్లేట్ గట్టిదైతేనే. మామూలు ఎంఎస్ (మెత్తటి ఉక్కు) ప్లేట్‌ను వాల్చి కవచం అనకండి, దయచేసి.

ప్రాణం మీదికి తెచ్చేది ఇంకొకటి. కోణాన్ని బుల్లెట్ వచ్చే దిక్కు నుంచి కొలవాలి. మేడ మీంచి 30 డిగ్రీలు కిందికి కాలిస్తే అదే ప్లేట్ 7 మి.మీ. కూడా అడ్డు నిలవదు. ఒక డ్రైవర్ నన్ను పట్టుకుని, “పైనుంచి కాలిస్తే ఎట్లా సార్?” అని అడిగాడు. అంతకుముందు అడిగినచోట “ఏం కాదులే” అని పంపేశారట. అతని భయంలో న్యాయం ఉంది. కూర్చోబెట్టి కాగితం మీద గీసి చూపించాను, పై భాగానికి మందం పెంచాకే బండి ఇచ్చాను.

అపోహ: రెండు ప్లేట్ల మధ్య గాలి బుల్లెట్‌ను ఆపుతుంది.

వాస్తవం: సెకనుకు 800 మీటర్లు దాటి వచ్చేదానికి జానెడు గాలి ఓ లెక్కా? ముందు ప్లేట్ బుల్లెట్‌ను చెడగొడితే చాలు: పైతొడుగు (జాకెట్) ఊడాలి, కోర్ పగలాలి, లేదా తిరగబడాలి. తిరగడానికి చోటు కావాలి కాబట్టే గ్యాప్. ప్లేట్లు అంటించి వెల్డ్ చేస్తే ఆ చోటు పోయింది. సీసం కోర్ బుల్లెట్‌కు మాత్రం గ్యాప్ పెద్దగా ఒరగబెట్టేదేమీ లేదు.

1943లో జర్మన్ ట్యాంకుల పక్కలకు ఇలాగే గ్యాప్ వదిలి తగిలించిన 5 మి.మీ. ప్లేట్లు రాకెట్లను ఆపడానికని ఇప్పటికీ చెబుతుంటారు. సోవియట్ 14.5 మి.మీ. యాంటీ ట్యాంక్ రైఫిళ్ల బుల్లెట్లను ఆపడానికి పెట్టినవవి.

నా మొదటి టెస్టులో ముందు ప్లేట్‌కు పడిన గుండ్రటి రంధ్రం చూడగానే అందరూ ఫెయిల్ అన్నారు. వెనక ప్లేట్ విప్పి చూస్తే రంధ్రం లేదు, బుల్లెట్ అడ్డంగా పడుకున్నట్టు పొడుగాటి నొక్కు.