చైన్‌సాతో దుంగ నుంచి పలకలు తీయడం: అపోహలు - వాస్తవాలు

చైన్‌సా పట్టినవాళ్లలో చాలామంది ముందు నేర్చుకునేది అడ్డకోత. కొమ్మలు నరకడం, పడిన మానును ముక్కలు చేయడం. తర్వాతెప్పుడో అదే రంపాన్ని మిల్లు ఫ్రేముకు (రంపాన్ని దుంగ మీద ఒకే మందంలో నడిపించే లోహపు చట్రం) బిగించి, రెండు మూడు అడుగుల వ్యాసం ఉన్న గట్టి దుంగ నుంచి పలకలు తీయడానికి దిగుతారు. అడ్డకోతలో చేతికి అలవాటైన పద్ధతులన్నీ వెంట వస్తాయి. చిక్కంతా అక్కడే. ఈ పని గురించి నేను వినే అపోహల్లో చాలావరకు అలా పుట్టినవే. మిగతావి ఎవరో అంటే విని నమ్మేసినవి.

అపోహ: ఇంజిన్ పెద్దదైతే చాలు, ఏ దుంగైనా లొంగుతుంది

ఇంజిన్ బలం అక్కర్లేదని అనను. గట్టి చెక్కలో రెండడుగుల వెడల్పు కోతకు 60 సీసీ రంపం పెడితే అది మూలుగుతూనే ఉంటుంది. ఈ పనికి 90 సీసీ పైబడిన రంపాలు వాడేది అందుకే. స్టిల్ ఎంఎస్ 661లో 91.1 సీసీ, హస్క్‌వర్నా 3120 ఎక్స్‌పీలో 118.8 సీసీ ఇంజిన్ ఉంటుంది. కానీ గొలుసు మొద్దుబారితే 120 సీసీ రంపం కూడా, పదునున్న 90 సీసీ రంపం ముందు దిగదుడుపే.

మొద్దు గొలుసు తనంతట తాను ముందుకు పోదు కాబట్టి మనిషి తోస్తాడు. తోస్తే బార్ (గొలుసు తిరిగే పొడవాటి ఇనుప బద్ద) వేడెక్కుతుంది, గొలుసు సాగుతుంది, బార్ మధ్యలో వంగుతుంది. పలక తీసి కొలిస్తే ఒకచోట రెండంగుళాలు, ఇంకోచోట రెండుంబావు. అప్పుడు ఫ్రేమును తిడతారు, బోల్టులు బిగిస్తారు. తప్పు పళ్లలో ఉంటుంది.

పన్ను పై అంచు, పక్క అంచు కలిసే మూల ఉంటుంది చూశారూ, కోతకు ప్రాణం అదే. దాన్ని వెలుతురుకు తిప్పి చూడండి. పదునున్న అంచు మీద వెలుగు నిలవదు. సన్నటి తెల్లగీతలా మెరిసిందంటే అంచు గుండ్రబడిందన్నమాట. ఆ మెరుపు పోయేదాకా ఆకురాయి పట్టాలి, అదీ అన్ని పళ్లకూ ఒకే కొలతలో. కుడివైపు పళ్లు ఎడమవైపు పళ్లకన్నా పొట్టివైతే కోత ఒక పక్కకు లాగుతుంది. పన్ను అరిగేకొద్దీ దాని ముందుండే రేకర్‌ను (పన్ను ఎంత లోతుకు కొరకాలో తేల్చే బొడిపె) కూడా తగ్గించాలి, లేకపోతే ఎంత పదునున్నా పన్నుకు చెక్క అందదు. మామూలుగా పన్నుకూ రేకర్‌కూ మధ్య 0.65 మిల్లీమీటర్ల తేడా ఉంటే సరిపోతుంది. వెడల్పాటి దుంగలో నేనైతే ఒక పలక తీశాక ఆకురాయి తిప్పందే రెండో కోత మొదలుపెట్టను. అందుకు పట్టే టైమ్ కోతలో తిరిగొచ్చేస్తుంది.

అపోహ: మామూలు గొలుసు చాలు, పలకలు తీయడానికని చెప్పే రిప్పింగ్ గొలుసు అమ్మకాల కోసం పుట్టించిన మాట

మామూలు గొలుసుతో పలక రాదా అంటే వస్తుంది. కానీ దాని ముఖం చూస్తే గీతలు గీతలుగా ఉంటుంది, చదును చేసేసరికి వడ్రంగికి తల ప్రాణం తోకకొస్తుంది.

అడ్డకోతలో పన్ను పక్క అంచు ముందు నారను తెంపుతుంది, పై అంచు దాన్ని పెచ్చులా లేపుతుంది. మిల్లింగులో, అంటే పలకలు తీయడంలో, బార్ దుంగకు అడ్డంగా పడుకుని పొడవునా జరుగుతుంది. అంటే పై అంచుకు ఎదురయ్యేది నార కొనలే. మామూలు గొలుసులో పై అంచు 30 డిగ్రీల చుట్టుపక్కల ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ప్రతి పన్నూ తన పక్కకు కొంచెం లాగుతుంది. రిప్పింగ్ గొలుసులో ఆ కోణం 10 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆ లాగుడు తగ్గిపోతుంది. కొత్తది కొనక్కర్లేదు కూడా. పాత గొలుసునే ఓపికగా సానపడుతూ ఆ కోణానికి తెచ్చుకోవచ్చు.

ఇక్కడే ఇంకో మాట వినిపిస్తుంది: పొట్టు పిండిలా రాలితే గొలుసు మొద్దుబారినట్టేనని. అడ్డకోతలో అది నమ్మదగ్గ గుర్తు. మిల్లింగులో మంచి పదునున్నా పొట్టు సన్నగానే ఉంటుంది. ఇక్కడ చూడాల్సింది తోయాల్సిన బలం. దుంగ ఒక కొన కింద దిమ్మ పెట్టి కాస్త ఎత్తు చేస్తే, పదునున్న గొలుసుతో మిల్లు తన బరువుకే దాదాపు దిగుతూ పోతుంది. ఆగి ఆగి పోతోందంటే ఆకురాయి తీయాల్సిన సమయం వచ్చినట్టే.

అన్నట్టు, ఇప్పుడు వాడే ఈ వంకీ పన్ను ఆకారం ఓ పురుగు నుంచి వచ్చింది. 1946లో జో కాక్స్ అనే అమెరికన్, మానును తొలుచుకుంటూ పోతున్న ఓ పెంకుపురుగు లార్వాను గమనించాడు. అది నారకు అడ్డంగానూ పొడవుగానూ అలవోకగా పోతోంది. దాని కుడి ఎడమ దవడల తీరును చూసి గొలుసు పళ్లు తయారుచేశాడు.

అపోహ: పెట్రోలులో ఆయిల్ ఎక్కువ కలిపితే మిశ్రమం రిచ్ (గాలికి పెట్రోలు ఎక్కువ) అవుతుంది, ఇంజిన్ చల్లగా ఉంటుంది

నిజం దీనికి తలకిందులు. కార్బురేటర్ కొలిచేది గాలికి ఎంత ద్రవం కలపాలో మాత్రమే. ఆ ద్రవంలో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది. అంటే మిశ్రమం కొంచెం లీన్ (గాలికి పెట్రోలు తక్కువ) అవుతుంది, ఇంజిన్ ఇంకాస్త వేడెక్కుతుంది. అయిదు లీటర్ల పెట్రోలుకు 100 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్ అంటే 50:1. కంపెనీ చెప్పిన నిష్పత్తి అదే అయితే మంచి ఆయిల్‌తో అది చాలు. కొందరు మిల్లింగుకు 40:1 వాడతారు. వాడుకోండి, కానీ ఆ తర్వాత కార్బురేటర్ హెచ్ స్క్రూ (ఫుల్ థ్రాటిల్‌లో ఇంధనం ఎంత పోవాలో సరిచేసేది) మళ్లీ సరిచూసుకోండి.

అడ్డకోతలో ఇంజిన్ అర నిమిషం ఫుల్ థ్రాటిల్‌లో ఉండి ఊపిరి పీల్చుకుంటుంది. మిల్లింగులో నిమిషాల తరబడి పూర్తి లోడు మీద నడుస్తుంది. కాబట్టి కార్బురేటర్ కొంచెం రిచ్‌గా ఉండాలి, గాలి ఫిల్టరు తరచూ దులపాలి, కోత అయిపోగానే ఠక్కున ఆపేయకుండా కాసేపు ఐడిల్‌లో ఉంచాలి. తనే ట్యూన్ చేసుకునే ఎలక్ట్రానిక్ కార్బురేటర్ ఉన్న రంపమైతే స్క్రూ గొడవ లేదు.

గొలుసుకు వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోయొచ్చని కూడా అంటారు. వద్దు. అందులో లోహపు రజను ఉంటుంది, బార్‌కు అంటుకునే జిగురు ఉండదు, చర్మానికి మంచిది కాదు, పైగా అది మీ పలకల్లోకే ఇంకుతుంది.

అపోహ: 36 అంగుళాల బార్ ఉంటే 36 అంగుళాల దుంగ కోయొచ్చు

మిల్లు ఫ్రేము క్లాంపులు రెండు పక్కలా బార్‌ను తినేస్తాయి. 36 అంగుళాల బార్‌తో చేతికొచ్చేది 30 అంగుళాలు లేదా కాస్త అటూ ఇటూ. కొనేముందే ఈ లెక్క వేసుకోవాలి. బార్ పొడవు పెరిగితే ముక్కు దాకా ఆయిల్ అందదు, అక్కడ విడిగా ఆయిల్ చుక్కలు పడే ఏర్పాటు పెట్టుకోవాలి.

అపోహ: చైన్ మిల్లు దండగ, సగం కలప పొట్టు అయిపోతుంది

ఇందులో కొంత నిజం ఉంది. చైన్‌సా ఒక్కో కోతకు 8 నుంచి 10 మిల్లీమీటర్ల చెక్కను పొట్టు చేస్తుంది. బ్యాండ్‌సా (సన్నటి పట్టీలా తిరిగే రంపం) అయితే 2, 3 మిల్లీమీటర్లే. అయిదు కోతలయ్యేసరికి దాదాపు ఒక పలక నేలపాలు. అంగుళం మందం చెక్కలు డజన్ల కొద్దీ కావాలంటే నేనూ బ్యాండ్‌సాకే పంపిస్తాను. కానీ బండి చేరలేని చోట పడిన మాను, బ్యాండ్‌సా నోట పట్టని వెడల్పు, రెండు మూడంగుళాల బల్ల పలకలు... వీటికి ఇదే దారి. అప్పుడు ఆ పొట్టు గురించి బెంగ అనవసరం.

అపోహ: చెట్టు పెరిగేకొద్దీ అందులో దిగిన మేకు కూడా పైకి పోతుంది

పోదు. చెట్టు పొడవు పెరిగేది కొమ్మల చివర్లలోనే. కాండం ఉన్నచోటే లావెక్కుతుంది. అయిదడుగుల ఎత్తులో కొట్టిన మేకు యాభై ఏళ్ల తర్వాతా అయిదడుగుల దగ్గరే ఉంటుంది, కాకపోతే లోపలికి పూడిపోతుంది. అందుకే మొదలు నుంచి మనిషి చేయి అందే ఎత్తు వరకు ఉన్న భాగాన్ని అనుమానంగా చూడాలి. కంచె తీగలు, బోర్డుల మేకులు, ఉయ్యాల కొక్కేలు అక్కడే దొరుకుతాయి. విచిత్రమేమిటంటే అందరూ ముందు కోయాలనుకునేదీ ఆ మొదటి భాగాన్నే, వెడల్పు ఎక్కువ కాబట్టి.

ఇనుము తనను తాను పట్టిస్తుంది. గట్టి చెక్కల్లో చాలావాటిలో ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి నీలినలుపు మరక అవుతుంది. ఆ మరక నార వెంట పొడవునా పాకుతుంది. దుంగ కోసిన కొన మీద ఎక్కడైనా సిరా ఒలికినట్టు మచ్చ కనిపిస్తే దాని వెనక ఇనుము ఉందనే లెక్క. మెటల్ డిటెక్టర్ మంచిదే, కానీ చేతిలో పట్టుకునేవి లోతుకు చూడలేవు. ఒకసారి పైపైన తిప్పి ఊరుకోకుండా, ప్రతి పలకా తీశాక కొత్త ముఖం మీద మళ్లీ తిప్పాలి. మేకు తగిలాక దెబ్బతిన్న పళ్లకే ఆకురాయి పట్టడం ఇంకో తప్పు. అన్నింటికన్నా పొట్టిదైన పన్ను కొలతకు మిగతావన్నీ తేవాలి.

మేకుకు భయపడినవాళ్లు మట్టికి భయపడరు. నేలమీద ఈడ్చిన దుంగ బెరడులో ఇరుక్కున్న ఇసుక, మొదటి రెండడుగుల్లోనే గొలుసు పదును తీసేస్తుంది. కోత పడే గీత వెంట బెరడు చెక్కేయండి, లేదా ప్రెషర్ పైపుతో కడగండి.

అపోహ: కప్పీ వేస్తే లోడు తగ్గుతుంది కాబట్టి అన్నీ తేలికవుతాయి

80 సెంటీమీటర్ల వ్యాసం, 3 మీటర్ల పొడవున్న పచ్చి దుంగ ఘనపరిమాణం ఒకటిన్నర ఘనమీటర్లు. పచ్చి గట్టిచెక్క ఘనమీటరు సుమారు ఒక టన్ను ఉంటుంది. అంటే ఒకటిన్నర టన్నులు. దాన్ని వించ్‌తో (తాడు చుట్టి లాగే యంత్రం) లాగేటప్పుడు తాడు దిశ మార్చడానికి చెట్టుకు కప్పీ కడతారు. తాడు అక్కడ పూర్తిగా వెనక్కి తిరిగితే, ఆ కప్పీని పట్టుకున్న పట్టీ మీదా కొక్కెం మీదా పడే బలం తాడులో ఉన్న బలానికి రెండింతలు. తాడు తట్టుకుంటుంది కదా అని పట్టీ కూడా అదే సైజుది వాడితే తెగేది పట్టీయే. తెగితే కప్పీ ఎటు ఎగురుతుందో ఊహించి, మనుషులు ఆ గీతకు బయట నిలబడాలి. వాలు మీద దుంగకు దిగువన ఎవరూ ఉండకూడదు, ఒక్క నిమిషానికి కూడా.

ఇలాంటి ధీమానే కాళ్ల రక్షణకు వేసుకునే చైన్‌సా ప్యాంటు మీదా ఉంటుంది. అందులోని నార గొలుసుకు చుట్టుకుని దాన్ని బిగుసుకుపోయేలా చేస్తుందే తప్ప కోతను పూర్తిగా అడ్డుకోదు. క్లాస్ 1 సెకనుకు 20 మీటర్ల గొలుసు వేగానికి, క్లాస్ 2 24కి, క్లాస్ 3 28కి పరీక్షించినవి. అంతకు మించితే హామీ లేదు. ఇక మాస్క్ పెట్టుకోమంటే నవ్వేవాళ్లకు ఒక్క మాట: కలప ధూళి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే గ్రూప్ 1లో చేర్చింది.

అపోహ: అంగుళం మందానికి ఏడాది, అంతే లెక్క

చెక్క జాతి, గాలి, ఎండ, పేర్చిన తీరు అన్నీ కలిసి తేల్చేదాన్ని ఒక్క అంకె ఎలా చెబుతుంది? మందం రెండింతలైతే ఆరే సమయం రెండింతలకన్నా ఎక్కువే పెరుగుతుంది. నాలుగంగుళాల పలకను నాలుగేళ్ల తర్వాత కోసి, నడుమ తడి చూసి ఆశ్చర్యపోయేవాళ్లు అందుకే ఉంటారు.

నిజానికి నష్టం జరిగేది ఏళ్ల తర్వాత కాదు, మొదటి రోజుల్లోనే. దుంగ కొనల నుంచి తేమ పక్కలకన్నా 10, 15 రెట్లు వేగంగా బయటికి పోతుంది. కొనలు ముందు ముడుచుకుని నెర్రెలిస్తాయి, ఆ నెర్రె లోపలికి పాకుతుంది. కాబట్టి దుంగను ముక్క చేసిన రోజే కొనలకు మైనపు పూత పట్టించాలి. అదేమీ లేకపోతే పాత పెయింటైనా రెండు మూడు పూతలు మందంగా వేయండి.

చెక్క వలయాల వెంట ముడుచుకునేది, మధ్య నుంచి బయటికి ముడుచుకునేదానికన్నా సుమారు రెట్టింపు. దుంగ నడిమధ్య ఉండే మెత్తటి పోగు కలిసిన పలక పగలకుండా ఆరడం కష్టమన్నది ఇందువల్లే. ఆ పలకను మధ్యకు చీల్చేసి రెండు చేయడమే మేలని నా అభిప్రాయం. అందమైన వెడల్పు పోతుందని చాలామంది ఒప్పుకోరు. రెండంగుళాల బల్ల కావాలంటే రెండున్నర అంగుళాలకు కోయండి. ముడత, చదును రెండూ కలిసి ఆ అరంగుళం తినేస్తాయి.

పేర్చేటప్పుడు పలకల మధ్య అంగుళం మందం బద్దలు, అడుగున్నర ఎడంతో, ఒకదానిమీద ఒకటి నిట్టనిలువుగా ఒకే వరసలో రావాలి. పైన బరువు, చుట్టూ గాలి, నెత్తిన నీడ. ఎండలో పెడితే తొందరగా ఆరుతుందనుకుంటే పైపొర ఆరి బిగుసుకుంటుంది, లోపలి తడి అలాగే ఉంటుంది, పలక చీలుతుంది. ఆరిందో లేదో తేల్చుకోవడానికి క్యాలెండర్ చూడకండి. తేమ మీటరు లేకపోతే ఒక పలకను గుర్తుపెట్టి నెలకోసారి తూకం వేయండి. బరువు వరసగా కొన్ని నెలలు తగ్గకుండా నిలబడితే, ఆ గాలిలో అది ఆరగలిగినంత ఆరినట్టు. ఏసీ గదిలోకి వెళ్లే బల్లకైతే అది కూడా చాలదు, కిల్న్‌కు (చెక్కను వేడితో ఆరబెట్టే గది) పంపాల్సిందే.