ఒక్క మైకు ముందు పుట్టిన అడుగులు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో మీరు ఐదుగురూ వరుసగా నిలబడి, ఫోనులో పాట చూస్తూ, ఒకేసారి భుజం తిప్పి ఒకేసారి వెనక్కి జరిగారు. ఆ అడుగు ఎక్కడిదని నేనడిగితే వీడియోలోదే అన్నారు. దాని పుట్టుక మీకు చెప్పాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను.

1950లలో అమెరికాలో నల్లజాతి యువతీయువకులు నలుగురైదుగురు కలిసి పాడే బృందాలు ఎన్నో ఉండేవి. వేదిక మీద చాలాసార్లు అందరికీ కలిపి ఒకటో రెండో మైకులే దొరికేవి. అందుకని వంత పాడేవాళ్లు తమ వంతు రాగానే మైకు దగ్గరికి చేరి, పాడి, ముందున్నవాడికి చోటిచ్చి పక్కకు తప్పుకోవలసి వచ్చేది. ఈ రాకపోకలను నాట్యంగా మలిచినవారిలో నాకు అందరికన్నా గొప్పగా తోచేది చోలీ అట్కిన్స్. ఆయన బూటు అడుగులతోనే తాళం పలికించే ట్యాప్ కళాకారుడు. ఆ కళకు ఆదరణ తగ్గాక గాయకులకు అడుగులు నేర్పసాగారు. 1960ల నడుమ డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ అనే పాటల రికార్డుల సంస్థలో చేరి టెంప్టేషన్స్, సుప్రీమ్స్ వంటి బృందాలను తీర్చిదిద్దారు. గొంతు ఒక లయలో సాగుతుంటే ఒళ్లు మరో లయను పట్టుకోవాలి, అయినా పాడేవాడికి ఆయాసం రాకూడదు. కాబట్టి గుండ్రంగా తిరగడం వంటివి పాట లేని చోట పెట్టి, పాడే చోట చేతి కదలికతో సరిపెట్టాలి. అది ఎంత కష్టమో పాడుతూ ఆడినవాళ్లకే తెలుస్తుంది.

1965లో సుప్రీమ్స్ పాడిన ఒక పాటలో ‘ఆగు’ అన్న మాట రాగానే ముగ్గురూ ఒక చెయ్యి నడుముకు ఆనించి, రెండో అరచేతిని ముందుకు చాపేవారు. చిన్న నలుపు తెలుపు టీవీ తెరలో కూడా ఆ మూడు అరచేతులూ స్పష్టంగా కనిపించేవి.

1981 ఆగస్టులో ఎంటీవీ అనే టీవీ ఛానెల్ మొదలై పాటలను రోజంతా చూపే కాలం వచ్చేసరికి, ఆ బృందాల పద్ధతిలోనే పెరిగిన మైకేల్ జాక్సన్ సిద్ధంగా ఉన్నారు. చిన్నతనంలో అన్నలతో కలిసి మోటౌన్‌లోనే పాడారాయన. 1983లో వచ్చిన ఆయన వీడియోలు కొన్నింటిలో ఆయన ముందు, తక్కినవారు వెనక, అందరిదీ ఒకే అడుగు. ఆ అమరిక పాత బృందాలదేనని నా నమ్మకం. వంత పాడేవారి స్థానంలో వంత ఆడేవారు వచ్చారు, అంతే.

ఈసారి వచ్చినప్పుడు ఫోను పక్కన పెట్టి, మీరే పాడుతూ ఆ అడుగులు వేసి చూపించండి. మైకు అనుకోవడానికి ఐదుగురికీ కలిపి ఒక్క గరిటే ఇస్తాను.

మీ తాతయ్య