వాన లేదు కదా, వరదెక్కడిది? ఇసుకరాతి గండి నడకపై అపోహలు - వాస్తవాలు

మొన్న ఒక బృందాన్ని గండి మొగదల నుంచే వెనక్కి తిప్పాను. నడినెత్తిన ఎండ, మబ్బు తునక కూడా లేదు. ఎగువన ఉరుములతో వాన మొదలైందని అప్పుడే ఫోను వచ్చింది. "ఇక్కడ చుక్క పడలేదు, వరద ఎక్కడి నుంచి వస్తుందండీ?" అని ఒకాయన నిలదీశారు. రాళ్ల కథ చెబుతూ జనాన్ని నడిపించే నాకు ఈ ప్రశ్న కొత్త కాదు. మిగతా అపోహల్లో చాలావాటి వల్ల పోయేదేమీ లేదు, దీనివల్ల మాత్రం ప్రాణాలే పోతాయి. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: ఇక్కడ వాన పడకపోతే వరద రాదు.

వాస్తవం: గండిలోకి నీరు వచ్చేది ఎగువ నుంచి. నిలబడిన చోట తలెత్తితే కనిపించేది రెండు గోడల మధ్య ఆకాశపు పీలిక. ఆ పీలికను చూసి వాతావరణం తేల్చేస్తే ఎలా? పైన ఉన్నది బోడి రాతి నేల అయితే పడ్డ వాన పడ్డట్టే జారి వాగుల్లో చేరుతుంది. ఆ వాగులన్నీ ఒక ఇరుకు సందులో దూరినప్పుడు, పక్కకు చోటు లేని నీరు పైకి లేస్తుంది.

1997 ఆగస్టు 12న అమెరికాలోని అరిజోనాలో, ఆంటిలోప్ కాన్యన్ అనే ఇసుకరాతి సందులో 11 మంది ఇలాగే కొట్టుకుపోయారు. అక్కడ పడిన వాన అంతంతమాత్రం, అసలు వాన కురిసింది మైళ్ల దూరంలో. జోర్డాన్‌లోని పెట్రా అనే ప్రాచీన నగరానికి దారితీసే సిక్ అనే ఇరుకు గండిలో 1963లో వచ్చిన వరద 20 మందికి పైగా పర్యాటకులను బలిగొంది. రెండు వేల ఏళ్ల కిందటే, ఆ నగరాన్ని కట్టిన నబాతియన్లు ఆ గండి మొగదల ఆనకట్ట కట్టి, కొండను తొలిచి, వరదను పక్కకు మళ్లించుకున్నారు. వాళ్లకు తెలిసిన విషయాన్ని ఇప్పుడు ఫోనులో వాతావరణం చూసుకునే వాళ్లకు చెప్పాల్సి వస్తోంది. ఆ ఫోనులో చూడాల్సింది కూడా మనమున్న చోటు గురించి కాదు, ఎగువ ప్రాంతం గురించి.

మా దారిలో ఒకచోట రెండు గోడల మధ్య ఒక దుంగ అడ్డంగా బిగుసుకుని ఉంది. చేయి చాపినా అందదు. దానికి చుట్టుకున్న ఎండుగడ్డి మొత్తం దువ్వినట్టుగా దిగువ వైపే వాలి ఉంటుంది. "పక్షి గూడా?" అని ఒక పాప అడిగింది. "కాదమ్మా, వరద అంత ఎత్తున వెళ్లింది" అన్నాను. పక్కనున్న తల్లి మారు మాట్లాడకుండా పాపను ఎత్తుకున్నారు. అలా భయపడే వాళ్లను చూసి నవ్వకండి. గండిని సరిగ్గా చదివింది వాళ్లే.

తేట నీరు ఉన్నట్టుండి బురద రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ తేలి వస్తున్నా, ఎగువ నుంచి హోరు వినిపించినా సంచి అక్కడే వదిలేసి పైకెక్కాలి. గండి వెంట దిగువకు పరుగెత్తకూడదు, అది నీరు వచ్చే దారి.

అపోహ: కోట్ల ఏళ్లు నిలిచిన రాయి ఇవాళ ఊడుతుందా?

వాస్తవం: ఊడుతుంది, ముఖ్యంగా వాన తర్వాత. రేణువులు గట్టివే, వాటిలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం కాఠిన్యం పదికి 7. కానీ రాయి బలం వాటిని పట్టి ఉంచే బంకది. ఆ బంక సిలికా అయితే సరే, బంకమట్టి అయితే తడికి మెత్తబడుతుంది. వంద సార్లు కాలు మోపిన ఒక అంచు వాన వెలిసిన మర్నాడు నా పాదం కిందే విరిగింది. ముక్కను చేతిలోకి తీసుకుని నొక్కితే లోపలంతా చెమ్మ, పిడికిట్లో ఇసుకయిపోయింది. మోకాలి మచ్చ ఇంకా ఉంది. అప్పటి నుంచి రాయి ఆరే దాకా ఎవరినీ ఎక్కనివ్వను, ముందుకు చొచ్చుకొచ్చిన బండ కింద ఎవరినీ కూర్చోనివ్వను.

ఇక మిగతావి గబగబా చెప్పేస్తాను. భూకంపం వచ్చి కొండ చీలితే గండి పుట్టిందంటారు. పగులు నీటికి దారి చూపిస్తుంది, అంతే. కోసేది నీరు మోసుకొచ్చే ఇసుకా గులకరాళ్లూ. రోళ్లలా ఉన్న గుండ్రటి గుంతలు కూడా సుడిలో తిరిగిన రాళ్ల పనే, అడుగున ఆ రాళ్లు ఇంకా దొరుకుతాయి. రాయి వయసు మాట వస్తే "కార్బన్ డేటింగ్ చేశారా?" అని అడుగుతారు. అది ఒకప్పుడు ప్రాణమున్న వాటికి, అదీ సుమారు 50,000 ఏళ్ల లోపు వాటికే పనికొస్తుంది. ఇసుకలోని జిర్కాన్ అనే ఖనిజపు రేణువుల వయసు కట్టగలం, కానీ అది ఆ రేణువు పుట్టిన తల్లిరాయి వయసు. ఇసుకరాయి దానికన్నా చిన్నది, గండి ఇంకా చిన్నది. గోడలో వాలుగా కనిపించే పొరలన్నీ భూమి ఒరిగిపోవడం వల్ల వచ్చినవి కావు. పైపొరా కిందిపొరా చదునుగా ఉండి నడిమిది మాత్రమే వాలితే, అది పాత ఇసుక తిన్నె జారుడు వైపు. అది ఎటు వాలిందో ఆనాటి గాలో నీరో అటు వెళ్లింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే, కానీ అక్కడికి వచ్చేసరికి అందరూ ఫొటోల్లో మునిగిపోతారు.

మొన్న ఆ గండికి వరద రాలేదు. మర్నాడు ఆ పెద్దమనిషి ఫోను చేసి "రాలేదు కదండీ" అన్నారు. "రాలేదండీ" అన్నాను. వచ్చే నడకకు ఆయన పేరు మళ్లీ రాసుకున్నాను.